తెనాలి వన్స్ మోర్

జెన్నిఫర్ ఆ సాయంత్రం నోరు మూసుకుని కూర్చుంటే ఈ కథే లేదు. కానీ పాట నచ్చినప్పుడు నోరు మూసుకునే అలవాటు వాళ్ళ ఇంటావంటా లేదు.

సూర్యలంక బీచ్ దగ్గర పాటల కార్యక్రమం. కురవాలా, మానాలా అని మబ్బు తేల్చుకోలేకపోతోంది. స్టేజీ మీద బాపట్ల కుర్రాళ్ళ బ్యాండు. దాని పేరు 'ఉప్పుగాలి'. గిటార్ పట్టుకుని మైకు ముందు నిలబడ్డవాడు అజయ్ బాబు. కర్లపాలెంలో వ్యవసాయ శాఖ ఉద్యోగి. వారమంతా వరికి పట్టిన తెగుళ్ళు చూస్తాడు, సెలవు దొరికితే పాడతాడు.

జెన్నిఫర్ తెనాలిలో ఒక స్కూల్లో లెక్కల టీచరు. చుట్టుపక్కల ఎక్కడ లైవ్ ప్రోగ్రామ్ ఉన్నా, తనతో పనిచేసే తనూజను రెక్క పట్టుకుని లాక్కుపోతుంది. ఫోన్లో వినే పాట ఫ్రిజ్జులోంచి తీసిన చారులాంటిదని ఆమె అభిప్రాయం. పొయ్యి మీంచి దించినప్పుడే తాగాలట.

అజయ్ బాబు తను సొంతంగా కట్టిన పాట ఎత్తుకున్నాడు. రేవులో పడవ కోసం ఎదురుచూసే మనిషి పాట. పైస్థాయికి వెళ్ళినచోట గొంతు జీరపోయి, సన్నగా చీలింది. జెన్నిఫర్ ఒళ్ళు ఝల్లుమంది. గబుక్కున కుర్చీలోంచి లేచింది.

"వన్స్ మోర్!"

అంతే, వెనక వరసల్లోని కుర్రాళ్ళు అందుకున్నారు. "వన్స్ మోర్... వన్స్ మోర్..." ఈలలు, కేకలు, ఒకటే నవ్వులు. అజయ్ బాబు ముఖం కందిపోయింది. పాట సగంలో ఆపేసి స్టేజీ దిగిపోయాడు.

కాసేపటికి బజ్జీల బండి దగ్గర ఎదురుపడ్డాడు.

"వన్స్ మోర్ అంది మీరేనా అండి?"

"అవునండి, నేనే!" జెన్నిఫర్ ముఖం వెలిగిపోయింది.

"బాగా ఎంజాయ్ చేశారా?"

"చాలా అండి! అసలు ఆ చోటుంది చూశారూ..."

"చూశానండి. అందరితోపాటు నేనూ చూశాను. ఇంక ఆ ఛాన్స్ మీకు ఇవ్వన్లెండి."

గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు. జెన్నిఫర్ చేతిలో బజ్జీ చల్లారిపోయింది.

"ఏంటే, పొగిడితే కోపమొచ్చింది అతనికి?"

తనూజ నెత్తి కొట్టుకుంది. "పొగడటమా! గొంతు బొంగురుపోయినచోట వన్స్ మోర్ అంటే దాన్ని ఏడిపించడం అంటారు తల్లీ. ఏ కాలేజీలో చదివావే నువ్వు?"

చదివింది కాలేజీలోనే. కానీ ఆ మాట నేర్చుకున్నది మాత్రం తాతయ్య ఒళ్ళో. ఆశీర్వాదం మాస్టారు ఆదివారం పొద్దున చర్చికి ఎంత నిష్ఠగా వెళ్ళేవారో, పద్యనాటకానికీ అంత నిష్ఠగానే వెళ్ళేవారు. అక్కడ వన్స్ మోర్ అంటే శాలువా కప్పడం కన్నా ఎక్కువ. యుద్ధంలో చచ్చిపడిన రాజు కూడా ఆ మాట వినపడగానే లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయేవాడు. తెనాలి పిల్లకు వన్స్ మోర్‌లో వెటకారం ఉంటుందని ఎలా తెలుస్తుంది?

'ఉప్పుగాలి' తర్వాతి ప్రోగ్రామ్ తెనాలిలోనే. జెన్నిఫర్ క్షమాపణ నాలుగు రకాలుగా బట్టీపట్టి, ముందు వరసలో కూర్చుంది. అజయ్ బాబు వచ్చాడు. ఓ మూల స్టూలు మీద కూర్చుని గిటార్ వాయించాడు. అన్ని పాటలూ డ్రమ్ములు వాయించే రాజీవే పాడాడు, శ్రుతికి బయటి నుంచే నమస్కారం పెడుతూ.

అయిపోగానే ఆమె రాజీవ్‌ను పట్టుకుంది. "ఆయన పాడలేదేంటండి?"

"మావాడు పాట మానేశాడండి. బాపట్లలో ఎవరో మహాతల్లి వన్స్ మోర్ అని అరిచింది. ఇంటర్లో కూడా వాడికి ఇలాగే జరిగిందట, స్టేజీ మీద గొంతు జీరపోతే కాలేజీ కాలేజీ అంతా ఏడిపించారు. అప్పుడు చాన్నాళ్ళు పాడలేదు. ఇప్పుడు మళ్ళీ మొదలు."

"ఆ మహాతల్లిని నేనే."

రాజీవ్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

జెన్నిఫర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిజంగా నచ్చి అరిచానండి. ఒట్టు."

రాజీవ్ ఆమెను కాసేపు ఎగాదిగా చూసి, అజయ్ బాబు దగ్గరకు తీసుకెళ్ళాడు. బట్టీపట్టిన నాలుగు క్షమాపణల్లో ఒక్కటీ ఆమెకు గుర్తురాలేదు.

"ఆ రోజు నేను ఎగతాళి చేయలేదండి. అంతవరకు బాగా పాడారు. కానీ అక్కడ, ఆ జీర దగ్గర, పడవ రాదేమోనని నాకు భయమేసింది. మళ్ళీ వినాలనిపించింది."

అజయ్ బాబు గిటార్ సంచి జిప్పు లాగుతూ అన్నాడు. "మాటలు బాగా చెప్తారండి. పగిలిన కుండను ఎవరైనా మళ్ళీ వాయించమంటారా?"

ఆమె వెనుదిరిగింది. వెనక నుంచి రాజీవ్ మెల్లగా అన్నాడు. "శనివారం రేపల్లెలో ప్రోగ్రామ్. సామాను వ్యాన్‌లో పోతుంది. గిటార్ తీగలు కొనే పనుంది కాబట్టి మేమిద్దరం తెనాలిలో మధ్యాహ్నం పాసింజర్ ఎక్కుతాం. ఊరికే చెప్తున్నానంతే."

శనివారం ఆమె వెంట తాతయ్య కూడా బయల్దేరారు. "నీకు ఆ మాట నేర్పిన పాపం నాది. నేను రాకపోతే ఎట్టా?"

రైలు పెట్టెలో అజయ్ బాబుకు ఎదురుగానే సీటు దొరికింది. అతను నమస్కారం పెట్టాడు, పెద్దాయనకు మాత్రమే. ఆ తర్వాత కిటికీలోంచి పొలాలను పరీక్షించసాగాడు, తెగులేదో ఇక్కడే ఉందన్నట్టు.

వేమూరు దాటింది. సన్నగా వాన మొదలైంది. జెన్నిఫర్ నోరు తెరవడం, మూసుకోవడం చూసి చూసి తాతయ్యకు విసుగొచ్చింది. "ఈ మౌనవ్రతాలు నా వల్ల కాదమ్మా" అంటూ గొంతు సవరించుకుని పద్యం ఎత్తుకున్నారు.

పెట్టె అంతా ఇటు తిరిగింది. ఎనభైకి దగ్గరపడ్డ గొంతు, రాగం మాత్రం పాతికేళ్ళది. చివర పైకి ఎక్కబోయి గొంతు జీరపోయింది. రెండుగా చీలి, ఒక ముక్క కిటికీలోంచి పడిపోయినట్టయింది.

జెన్నిఫర్ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"అబ్బా, ప్రాణం లేచొచ్చింది! వన్స్ మోర్ పెదనాన్నా!"

ఆ కేక తలుపు దగ్గర అరటికాయల గంప పక్కన కూర్చున్న కొల్లూరు లంకల ఆడమనిషిది. ముఖంలో వెటకారం వెతికినా దొరకదు. తాతయ్య గుండె మీద చెయ్యి పెట్టుకుని, తల వంచి, మళ్ళీ పాడారు. మళ్ళీ అక్కడే జీరపోయింది. పెట్టెలో చప్పట్లు మోగాయి. గంప పక్కనావిడ పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అజయ్ బాబు కిటికీ సంగతి ఎప్పుడో మరిచిపోయాడు.

"తాతగారూ, రెండోసారి కూడా అక్కడే జీరపోయింది కదండి. మీకేం అనిపించలా?"

"ఏమనిపించాలి అబ్బాయ్? ఆ జీర నాకు తెలీదా? తెలిసీ పాడమంది ఆ గంప దగ్గరి అమ్మాయి. నేను సిగ్గుపడితే ఆమె చెవిని అవమానించినట్టు కాదూ?"

రాజీవ్ సీటు అంచు మీద వేళ్ళతో చిన్నగా తాళం వేయడం మొదలుపెట్టాడు.  అజయ్ బాబు గిటార్ సంచి జిప్పు తీశాడు.

పడవ పాటే. మొదట గొణిగినట్టు, భట్టిప్రోలు దాటేసరికి పూర్తి గొంతుతో. ఆ చోటు రాగానే అతను తప్పించుకోలేదు. జెన్నిఫర్‌ను సూటిగా చూస్తూ పైకి వెళ్ళాడు. గొంతు జీరపోయింది.  ఆమె పెదాలతోనే 'వన్స్ మోర్' అంది.

రేపల్లెలో సాయంత్రం వాన వెలిశాక ప్రోగ్రామ్ జరిగింది. అన్ని పాటలూ అజయ్ బాబే పాడాడు. రాజీవ్ డ్రమ్ముల వెనక కూర్చున్నందుకు ఊరికి మేలే జరిగింది.

అయిపోయాక టీ కొట్టు దగ్గర అజయ్ బాబు రెండు గ్లాసులు పట్టుకుని వచ్చాడు.

"ఎలా ఉందండి?"

"రెండో చరణంలో తొందరపడ్డారు."

అతను టీ తొణికేలా నవ్వాడు. "అమ్మో! అందరి పాటలూ ఇలాగే లెక్క చూస్తూ వింటారా?"

"లేదండి. అందరివీ ఊరికే వింటాను." జెన్నిఫర్ గ్లాసులోకి చూస్తూ అంది. "మీవి మాత్రమే ఇలా వింటాను."

అతని నవ్వు ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. "రైల్లో మీ వంక చూసి పాడాను కదండి. అలా ఎదురుగా మీరుంటే... రోజూ ఉంటే..." మైకు లేకపోతే అతనికి మాటలు రావని తేలిపోయింది.

"ఇదుగో, ఇక్కడున్నాడు!" అంటూ గొడుగు ముడుచుకుంటూ ఒక పెద్దావిడ వచ్చింది. దానమ్మ, అతని తల్లి, ఇక్కడి చర్చి క్వాయర్‌లో అందరికన్నా పెద్ద గొంతు. వెనకే ఆశీర్వాదం మాస్టారు, ఏమీ ఎరగనట్టు. అంటే అంతా చెప్పేశారన్నమాట.

దానమ్మ జెన్నిఫర్‌ను పైనుంచి కిందికి చూసింది. "మావాడి చేత పాట మాన్పించిన పిల్లవు నువ్వేనా?"

"అవునండి." జెన్నిఫర్ గొంతు సగం కూడా బయటికి రాలేదు.

"మళ్ళీ పాడించింది?"

"అదీ... నేనేనండి."

"మరి ఈ మాన్పించడాలూ పాడించడాలూ తెనాలిలో ఒకసారి, బాపట్లలో ఒకసారి ఎందుకమ్మా, వానలో తడుస్తూ? ఒకే ఇంట్లో కూర్చుని చేసుకుంటే పోలా?"

"అమ్మా!" అన్నాడు అజయ్ బాబు.

"నువ్వుండరా. అడిగింది నిన్ను కాదు."

జెన్నిఫర్ తాతయ్య వంక చూసింది. ఆయన టీ కొట్టు బోర్డు శ్రద్ధగా చదువుతున్నారు. అజయ్ బాబు వంక చూసింది. పైస్థాయికి ఎక్కే ముందు ఉన్నట్టే ఉంది అతని ముఖం.

"పోతుందండి" అంది.