అన్ని సూదులకూ రాలే కార్డు

ఆ గదికి కిటికీ లేదు. మెట్ల కింద, ఒకప్పుడు పాత సామాను పడేసిన గది. గడియ కూడా అందుకే బయటివైపు ఉంది. అక్క దాన్ని ఊడ్చి తుడిచి, ఒక బల్లా ఒక కుర్చీ ఒక దీపమూ పెట్టుకుని, ఇరవై రెండేళ్లు అందులోనే కూర్చుంది. ఇప్పుడా కుర్చీలో తమ్ముడు కూర్చున్నాడు.

సాయంత్రం అయిదు దాటింది. బయట వాన. ఆరింటికి ప్రెస్సాయన వస్తాడు. పుస్తకం తయారుగా ఉంది. ఫలానా అక్షరాలున్న ఇంగ్లీషు మాటలు కావాలన్నా, పదబంధాలు కావాలన్నా చిటికెలో చూపించే పుస్తకం. అట్ట మీద తమ్ముడి పేరు. మొదటి పేజీలో మచ్చుకి క్యూ, జెడ్ రెండూ ఉన్న మాటలు కొన్ని వేద్దామన్నాడు ప్రెస్సాయన. అవి ఏరి చేతిలో పెడితే, రేపు పొద్దున్నే అచ్చు.

ఏరడం పెద్ద పనేం కాదు. కార్డుకొక మాట. ప్రతి కార్డు పై అంచునా ఇరవై ఆరు చిల్లులు, అక్షరానికొకటి. మాటలో ఏ అక్షరాలుంటే ఆ చిల్లుల్ని మాత్రం అంచుదాకా కత్తిరించి వదిలేసేది అక్క. క్యూ ఉన్న మాటలు కావాలా? కట్ట మొత్తానికీ క్యూ చిల్లులోంచి పొడుగాటి ఉక్కు అల్లిక సూది గుచ్చి పైకెత్తాలి. క్యూ లేనివి సూదికి వేలాడతాయి. ఉన్నవి రాలిపోతాయి. అంతే.

ఈ ఉపాయం అక్కది. కార్డుల మీద ఊదా సిరా రాత అక్కది. తమ్ముడి చెమట అందులో ఒక్క చుక్క లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఇరవై రెండేళ్ల కష్టాన్ని తన పేరుతో లోకానికి పంచడానికి కూర్చున్నాడు పెద్దమనిషి.

క్యూకి సూది గుచ్చి ఎత్తాడు. జలజలా రాలాయి. రాలినవాటిని సర్ది, జెడ్‌కి గుచ్చి మళ్లీ ఎత్తాడు. క్విజ్. క్వార్ట్జ్. ఇంకో నాలుగు. ఆఖరున ఒక కార్డు, తొందరేమీ లేనట్టు, మెల్లగా దిగింది.

దాని అంచు దువ్వెనలా ఉంది. ఇరవై ఆరు చిల్లులూ తెగి ఉన్నాయి.

తమ్ముడు దాన్ని తీసి దీపం కిందికి పట్టాడు.

అన్ని అక్షరాలూ ఇమిడే చిన్న వాక్యం ఒకటి సొంతంగా కట్టాలని అక్క కోరిక. "అది దొరికిన రోజు చూడరా, ఏ సూదికీ ఆగదు. ఎక్కడ గుచ్చినా రాలుతుంది," అనేది. దొరికింది కూడా. ఎప్పుడు దొరికిందో తమ్ముడికి తెలుసు. ఆరు వారాల కిందట, ఆమె గుప్పిట్లోంచి ఆ కార్డు లాగి పొయ్యిలో వేసినవాడు తనే.

అట్ట మీద తన పేరు కూడా వెయ్యమన్నాడా రోజు. "కార్డుల దుమ్ము కూడా దులపలేదు, నీ పేరెందుకురా?" అని నవ్వింది అక్క. ఆ నవ్వుకి ఒళ్లు మండి, తలుపు లాగి గడియ పెట్టేశాడు. ఆమెది ఉబ్బసం. పీల్చే మందు వంటింట్లో ఉంది. కాసేపటికి లోపలినుంచి ఉక్కు సూదితో తలుపు కొట్టడం మొదలైంది. టక్... టక్... టక్. కొంచెం ఆగి, మళ్లీ మూడు. "వదినేదో కొడుతున్నట్టున్నారండీ," అంది భార్య. "పనిలో ఉంది, కదిలించకు," అని రేడియో పెంచాడు. ఎంతసేపు కొట్టిందో అతనికి తెలుసు. ఎప్పుడు ఆగిందో ఇంకా బాగా తెలుసు.

సూదుల జతలో ఒకటి బల్ల కింద దొరికింది, ఇప్పుడు తమ్ముడి చేతిలో ఉన్నది అదే. రెండోది ఆమె పిడికిట్లోంచి ఎవరు లాగినా రాలేదు. దాన్ని అలాగే ఆమెతో కాటికి పంపేశారు.

ఇప్పుడు కార్డు మీద అదే ఊదా రాత, అదే వాక్యం. ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యానికి అర్థం ఇంతే: తమ్ముడూ, గడియ తియ్యి, ఊపిరాడటం లేదు.

ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాడు. కానీ ఆ వాక్యం తను తప్ప ఇంకెవరు చదివారు? కార్డుని ముక్కలు చేసి కాలికింద నలిపాడు. చెయ్యి ఊరుకోక, జె దగ్గర గుచ్చి కట్ట ఎత్తాడు.

రాలింది. అదే కార్డు, మడత కూడా లేదు.

ఎక్స్... రాలింది. కె... రాలింది. ప్రతిసారీ ఆ ఊదా సిరా మరికాస్త తడిగా...

గదిలో మందు వాసన. అక్క పీల్చే మందు వాసన.

"నా పుస్తకం ఇది," అన్నాడు పళ్లు బిగించి. "చచ్చినా వదలవా?"

కార్డుని చింపి నోట్లో కుక్కుకుని, నమిలి, మింగేశాడు. ఇక ఎక్కడ రాలుతుందో రాలమను!

అప్పుడు బయట గడియ పడింది. నెమ్మదిగా, ఇనుము మీద ఇనుము.

తలుపు తోశాడు. కదల్లేదు. కేకేద్దామంటే గొంతులో ఏదో అడ్డం పడింది. ఊపిరి లోపలికి వెళ్తోంది, బయటికి రావడం లేదు. పుట్టి బుద్ధెరిగాక అతనికి ఉబ్బసం లేదు. ఇప్పుడు ఛాతీలో పిల్లికూతలు.

ముందుగదిలోంచి భార్య గొంతు. "ఏమండీ! ప్రెస్సాయన వచ్చారు!"

బతికానురా అనుకున్నాడు. నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

తలుపుకి అవతల, గడియ పక్కనుంచి, ఎవరో జవాబు చెప్పారు. అచ్చం అతని గొంతే.

"పనిలో ఉన్నాను. కదిలించకు."

"విన్నారుగా," అంది భార్య నవ్వుతూ. "పని మీదుంటే అంతే ఆయన. కూర్చోండి, రేడియో పెడతాను."

పాట మొదలైంది.

మోకాళ్ల మీద కూలబడి, చేతిలో ఉన్న ఉక్కు సూదితో తలుపు కొట్టాడు. టక్... టక్... టక్.

పాట పెద్దదయింది.

మళ్లీ కొట్టాడు. మూడే. అంతకన్నా చెయ్యి లేవలేదు.

కొంచెం ఆగి, తలుపుకి అవతలినుంచి, సరిగ్గా అతని ముఖం ఎత్తులో, ఇంకో ఉక్కు సూది బదులిచ్చింది.

టక్... టక్... టక్.