రెండు గంటల సైరన్

అహల్యతో నా పరిచయం తిట్లతో మొదలైంది. తిట్టింది తను, తిన్నది నేను.

పందొమ్మిది వందల డెబ్భై ఎనిమిది, జూలై నెల, ఆదివారం సాయంత్రం. భిలాయిలో మా ఆంధ్ర సంఘం సర్వసభ్య సమావేశం. సభ్యులు మూడు వందల ఇరవై మంది. వచ్చింది ఇరవై ముగ్గురు. వాళ్ళలో ఇద్దరు వాన తగ్గేదాకా నిలబడదామని లోపలికొచ్చినవాళ్ళు.

సంఘానికి ఉన్నదల్లా ఒకే ఒక్క గది. లైబ్రరీ అందులోనే, పిల్లల తెలుగు క్లాసూ అందులోనే. గదులు అడిగే సంఘాలు ఎక్కువైపోయాయని టౌన్‌షిప్ ఆఫీసు ఒక షరతు పెట్టింది. నెలాఖరులోగా ఒకే సమావేశానికి సగం మంది సభ్యులు వచ్చి రిజిస్టరులో సంతకాలు పెట్టాలి. లేకపోతే గది ఇంకో సంఘానికి ఇచ్చేస్తారు.

సెక్రటరీని నేనే. పేరు రాజగోపాల్, వయసు ఇరవై ఆరు, స్టీల్ ప్లాంట్ డ్రాయింగ్ ఆఫీసులో ఇంజనీరుని. ఉపన్యాసమంటే చెవి కోసుకుంటాను.

“మనవాళ్ళకి ఐకమత్యం లేదు. సంఘమంటే శ్రద్ధ అంతకన్నా లేదు...” అని అందుకున్నాను. ప్రెసిడెంటు రామమోహనరావుగారు తల ఊపారు.

“సెక్రటరీ గారూ, ఒక్క ప్రశ్న.”

గుమ్మంలో ఒకమ్మాయి. ఒక చేతిలో నీళ్ళోడుతున్న గొడుగు, రెండో చేతిలో అట్ట ఊడిన తెలుగు వాచకం. పిల్లలకి పాఠాలు చెప్పే అహల్య ఈవిడేనన్నమాట.

“మా నాన్నకి ఇవాళ ఏ డ్యూటీయో మీకు తెలుసా?”

“మీ నాన్నగారెవరో తెలిస్తే కదండీ!”

“నరసింగరావు. కోక్ ఓవెన్స్ భట్టీల్లో పని. పదేళ్ళ నుంచి మీ మెంబరు. ఇవాళ బి షిఫ్టు, రెండింటికి ఎల్లాడు, రాత్రి పదింటికి గానీ దిగడు. ఆయన వీక్లీ ఆఫ్ బుధవారం. ఆదివారం సెలవు మీ జనరల్ షిఫ్టు సాబ్‌లకి. భట్టీకి సెలవుంటాదేటి? ఆదివారమే పిలుస్తారు, రాలేదని మీరే తిడతారు. కమాల్ హై!”

ఆ ప్లాంటు బొమ్మలు గీసే జీతం తీసుకుంటున్నాను. మూడు షిఫ్టుల సంగతి నాకు తెలియక కాదు, ఆ ఆలోచనే ఎన్నడూ రాలేదు. సంఘం పుట్టిన దగ్గర్నుంచీ ప్రతి మీటింగూ ఆదివారమే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గులోనూ, కోపంలో ఆవిడ ముక్కు ఎర్రబడటం మాత్రం చూశాను.

మర్నాడు సాయంత్రం ఆ గదికే వెళ్ళాను. ఇక్కడే పుట్టి, హిందీలోనే పోట్లాడుకునే పిల్లలు పాతికమంది “అ మతలబ్ అమ్మ, ఆ మతలబ్ ఆవు” అని గోలగా వల్లిస్తున్నారు.

“సారీ చెప్పడానికొచ్చాను,” అన్నాను.

“సారీ ఏటి చేసుకోను? మెంబర్ల లిస్టు తెచ్చారా? ఎవరిది ఏ షిఫ్టో ఇంటింటికీ ఎల్లి రాద్దాం. సైకిలుందా?”

“స్కూటరుంది.”

“మీ ఎనక కూచున్నానంటే రేపు సెక్టారంతా అదే చర్చ. సైకిల్ తెచ్చుకోండి.”

కాలేజీ వదిలాక సైకిలు ముట్టుకోలేదు. సెక్టార్ టూలో వాళ్ళ క్వార్టర్ ఎదురుగానే బురదగుంటలో పడ్డాను. గొడుగు వదిలేసి మరీ నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో రెండుసార్లు పడటానికి నేను సిద్ధమే.

రెండు వారాలు వానలో తిరిగాం. ప్రతి ఇంట్లో టీ, ప్రతి ఇంట్లో ఒకటే మాట: “ఆదివారం తప్పించి ఎప్పుడైనా ఒస్తాం బాబూ.” మూడో ఆదివారం మధ్యాహ్నం గది అరుగు మీద కూర్చుని లిస్టు చూసుకున్నాం. అందరికీ ఖాళీ ఉండే రోజే లేదు. రోజు మాట అటుంచి, గంట కూడా లేదు.

అహల్య పుస్తకం మూసేసింది.

“గది పోయినట్టే. నా పిల్లల్ని ఎక్కడ కూచోబెట్టను?”

ముఖం తిప్పుకుంది గానీ కన్నీళ్ళు నాకు కనబడనే కనబడ్డాయి. సెక్రటరీ పదవి పోతే పోయింది, ఈ అమ్మాయి ఏడవకూడదు అనుకున్నాను. అది ప్రేమేనని అప్పుడే తెలిసిపోయింది.

అంతలో ప్లాంటు సైరన్ మోగింది. రెండు గంటలు. కాసేపటికి ఎదురు రోడ్డు సైకిళ్ళతో నిండిపోయింది.

“పొద్దున్నెక్కిన ‘ఎ’ షిఫ్టు దిగింది,” అంది అహల్య కళ్ళు తుడుచుకుంటూ.

“బి షిఫ్టు ఎక్కింది,” అన్నాను.

“రాత్రి ఎక్కే సి షిఫ్టోళ్ళు ఈపాటికి నిద్ర లేస్తారు.”

“జనరల్ వాళ్ళు లంచ్‌లో రావచ్చు!”

ఇద్దరం ఒక్కసారే లేచి నిలబడ్డాం. మీటింగు ఒంటిగంటన్నరకి మొదలుపెట్టి రెండున్నరకి ముగించాలి. ఎక్కేవాళ్ళు సైరన్‌కి ముందు, దిగేవాళ్ళు సైరన్ తర్వాత సంతకం పెడతారు. అదీ ప్లాంటు మెయిన్ గేటు ఎదురుగా.

“రోడ్డు మీద సర్వసభ్య సమావేశమా? మర్యాదేనా?” అన్నారు ప్రెసిడెంటుగారు.

“మర్యాదగా కూచుంటే ఇరవై ముగ్గురే ఒచ్చారు, మావయ్యగారూ,” అంది అహల్య.

ఆయన నవ్వేసి, తన ఇంటి టేబులే పంపించారు.

నెలాఖరు రోజు ఒకటే వాన. గేటు ఎదురుగా వేపచెట్లకి తార్పాలిన్ కట్టాం. టౌన్‌షిప్ ఆఫీసు నుంచి వచ్చిన గుమాస్తాగారు గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. బి షిఫ్టువాళ్ళు తడుస్తూనే వచ్చి సంతకాలు పెట్టి లోపలికి పరుగెత్తారు. జనరల్ వాళ్ళతో, సి షిఫ్టువాళ్ళతో కలిపి తొంభై ఎనిమిది. కావలసింది నూట అరవై.

సైరన్ మోగింది. గేట్లోంచి ‘ఎ’ షిఫ్టు సైకిళ్ళు బయటపడ్డాయి. అందరూ ఆకలి మీద ఉన్నారు, ఒక్కరూ ఆగడం లేదు. స్టూలెక్కాను. ఇన్నేళ్ళ ఉపన్యాసాల్లో ఒక్క ముక్క గుర్తురాలేదు.

అహల్య గొడుగు నా చేతిలో పెట్టి వానలోకి దిగింది.

“ఓ సిన్నాన్నా! ఓ బావా! జగ్గయ్య మావా, ఎటెల్లిపోతన్నావు? మీ పాప క్లాసు గది ఇది! భయ్యా, జరా రుకో!”

బ్రేకులు కీచుమన్నాయి. ఇంటింటికీ తిరిగిన రెండు వారాల్లో నేను షిఫ్టులు రాసుకున్నాను, తను వరసలు కలుపుకుంది. వరస పెట్టి పిలిచాక ఎవరు వెళ్ళిపోగలరు? టేబుల్ చుట్టూ జనం మూగిపోయారు. నూట అరవై ఎప్పుడు దాటిందో కూడా చూసుకోలేదు.

ఇంకో నిమిషంలో రెండున్నర అనగా నరసింగరావుగారు రుసరుసలాడుతూ వచ్చారు.

“నా రిలీవరు ఇక్కడ సంతకం ఎట్టడానికి నిలబడిపోయాడు! ఆడొస్తే గదా నాను భట్టీ ఒగ్గేది! ఏదీ, కలం ఇలాగియ్యి.”

ఆయన రెండు వందల పదకొండోవారు. గుమాస్తాగారు లెక్క చూసి, మళ్ళీ చూసి, “గది మీదే,” అన్నారు. చప్పట్లు, ఈలలు, సైకిలు బెల్లులు. ప్రెసిడెంటుగారు వానలో చిన్నపిల్లాడిలా గంతేశారు.

ఆ గోలలో అహల్యకి గొడుగు పట్టాను. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

“విజయనగరం నుంచి మా అమ్మా నాన్నా వస్తున్నారు. మీ ఇంటికి.”

“మా ఇంటికా? ఏటికి?”

“నువ్వంటే నాకు ప్రాణమని ఉత్తరం రాశాను. నీకిష్టం లేకపోతే రావద్దని టెలిగ్రాం ఇస్తాను.”

ముక్కు మళ్ళీ ఎర్రబడింది. ఈసారి కోపం వల్ల కాదు.

“టెలిగ్రాం ఒద్దు,” అంది మెల్లగా. “ఎప్పుడొస్తారు? ఆదివారమేనా?”

“బుధవారం. నేను సెలవు పెట్టేశాను.”

అహల్య నా వంక చూసింది. ఎంతసేపు చూసిందో నాకు తెలియదు, గొడుగు పక్కకి ఒరిగి ఇద్దరం తడిసిపోయాం.

మా వెనకే నిలబడి సైకిలు సీటు తుడుచుకుంటున్న నరసింగరావుగారు తలెత్తకుండానే అన్నారు.

“బుధవారమైతే నాను ఇంటికాడే ఉంటాను బాబూ. తీసుకురండి.”