కార్డు కన్న బాబాయి

ఏది ముందో, ఏది వెనుకో చెప్పడంలో కాస్త తారుమారు కావచ్చు. కార్డు బిగించడం మాత్రం ముందే జరిగింది.

అప్పటికి కాకినాడలో ఇళ్ల గోడలే కంప్యూటర్లయిపోయాయి. వకుళమ్మ ఒక్కతే పాత కంప్యూటర్ పెట్టెను పట్టుకుని వేలాడుతోంది. మరుపు ముంచుకొచ్చేలోగా పుట్టింటివాళ్ల కథంతా పుస్తకంగా రాసేయాలని ఆవిడ ఆరాటం. పెట్టేమో ఒక్కో అక్షరానికీ ఆయాసపడేది.

ఎదురింటి సైంటిస్టు పావని జాలిపడి, తాను తయారుచేసిన ప్రాసెసర్ అప్‌గ్రేడ్ కార్డును అందులో బిగించింది.

"ఇక పరుగే, పిన్నిగారూ. మీరు ఏం కొట్టబోతున్నారో ముందే ఊహించి రాసేస్తుంది."

"తప్పు ఊహిస్తేనో?"

"తనే తుడిచేస్తుంది."

నిజమే. 'మా నాన్నకి' అని కొట్టేసరికి పేజీ నిండిపోయేది. పుస్తకం పూర్తిచేసి అందరికీ పంపాక, తీరిగ్గా చదువుకుంటుంటే ఒకచోట వకుళమ్మ టక్కున ఆగిపోయింది. 'నరసింగం బాబాయి.' ఎవరీయన? సొంత బాబాయినే మరచిపోయిందా?

భయం గొంతులో తెలియనివ్వకుండా అక్క రత్నావళికి ఫోన్ చేసింది. "నరసింగం బాబాయి గుర్తున్నాడా అక్కా?"

"నరసింగమా..." అంటూ అక్క కాస్త నీళ్లు నమిలింది. "ఎందుకు గుర్తులేడే! పెరుగన్నంలోకి బెల్లం పెట్టకపోతే కంచం విసిరేవాడు కాదూ?"

తమ్ముడు శేషు కూడా కాస్త నసిగాడు. "నా గొడుగు పట్టుకెళ్లి మళ్లీ ఇవ్వలేదే, ఆయనేగా!"

ఆ పేరు తాను కొట్టిన గుర్తు కూడా లేదంటూ వకుళమ్మ కళ్లనీళ్లతో పావని తలుపు తట్టింది. పావని వచ్చి, పెట్టె విప్పి చూసి, నాలుక కరుచుకుంది.

"కార్డు కొత్తది, పెట్టెలోని బోర్డు పాతది పిన్నిగారూ. 'తప్పు ఊహించాను, తుడిచెయ్' అని కార్డు చెబుతుంటే బోర్డుకి అందలేదు. మీకు ఆ బాబాయే లేడు."

"అయితే నేనేం మరచిపోలేదన్నమాట!" వకుళమ్మ గంతేసినంత పని చేసింది. ఆ పేరు తుడిచేసి, అక్కకీ తమ్ముడికీ గర్వంగా చెప్పింది.

సాయంత్రానికల్లా ఇద్దరూ బత్తాయిపళ్లు పట్టుకుని దిగారు. "బాబాయినే మరచిపోయావుటే!" అంటూ అక్క కళ్లొత్తుకుంది. మతిమరుపు డాక్టరు ఎక్కడుంటాడో కూడా శేషు కనుక్కొచ్చాడు.

వకుళమ్మ వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసింది. లేచి వెళ్లి, ఆ పేరు మళ్లీ ఉన్నచోటే పెట్టింది. కంచం, గొడుగు కూడా చేర్చింది. అప్పటికి గాని వాళ్లు బత్తాయిలు ఒలవలేదు.

తర్వాత అక్క కూతురు హైమకి వకుళమ్మ ఫోన్ చేసింది.

"అమ్మాయ్ హైమా, పుస్తకంలో పేర్లన్నీ ఒక్కసారి సరిచూడమ్మా. మీ నరసింగం తాతయ్య దగ్గర కాస్త జాగ్రత్త. ఆయనకి కోపం ఎక్కువ."