రెండు రింగులు

"గేటేసీసేర్రోయ్... బండొచ్చీస్తంది..."

వీధి చివర నుంచి ఆ కేక వినపడేసరికి గవర్రాజు ఇంకా దుప్పట్లోనే ఉన్నాడు. కేక వేసింది పాల వీరన్న. రోజూ తెల్లారకుండానే సైకిలుకి పాలక్యాన్లు కట్టుకుని రైలు గేటు దాటాలి అతను. గేటు పడిపోయిందంటే వెనకొచ్చే వాళ్లకి వినపడేలా కేక వెయ్యడం అతని అలవాటు. పెందుర్తిలో ఆ వీధి వాళ్లకి అదే కోడికూత.

గవర్రాజు దిగ్గున లేచి కూర్చున్నాడు. చేతిలో ఫోను ఇంకా వెచ్చగానే ఉంది. పది నిమిషాల కిందటే అందులోంచి రెండు రింగులు ఇచ్చాడు మరి. రెండు రింగులంటే ఏమిటో ముందు చెప్పాలి, లేకపోతే ఈ కథ నడవదు.

ఇది రెండు వేల అయిదో సంవత్సరం నాటి మాట. రైలు ఎక్కడుందో అరచేతిలో చూసుకునే రోజులు అప్పటికింకా రాలేదు. పొద్దున్న పాసింజరు మీద విశాఖపట్నం వెళ్లి పోర్టులోనూ ఆఫీసుల్లోనూ పని చేసుకునే సీజను టికెట్ల వాళ్లు పదకొండు మంది ఒక బ్యాచి. మూడో పెట్టె వాళ్ల అడ్డా. పేకాట అక్కడే, పలహారం అక్కడే, కూతుళ్ల సంబంధాలు మాట్లాడుకునేది కూడా అక్కడే. వాళ్లలో గవర్రాజు ఒక్కడి ఇల్లే పెందుర్తి స్టేషను వెనకాల. మిగిలిన పదిమందీ తరవాతి హాల్టులో ఎక్కుతారు. అందుకని బండి సంగతి కనిపెట్టి చెప్పే పని అతని మీద పడింది.

బండి కొత్తవలసలో కదిలిందంటే పెందుర్తి స్టేషన్లో గంట కొడతారు. గవర్రాజు ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఆ గంట చెవిన పడగానే, లేకపోతే లేటని బోర్డు మీద రాయగానే, ముగ్గురికి ఫోను మోగించి కట్ చేస్తాడు. ఆ ముగ్గురూ మిగతా వాళ్లకి మోగిస్తారు. ఎవరూ ఎత్తకూడదు, అది రూలు. ఒక్కసారి మోగి ఆగిపోతే బండి టైముకే, బయల్దేరండి అని. ఆగి మళ్లీ రెండోసారి మోగితే అరగంట లేటు, నిదానంగా కూర్చుని తినండి అని. మూడోసారి కూడా మోగితే ఇవాళ బండి లేదు, బస్సు చూసుకోండి అని.

ఆ రోజు జనవరి మంచు. గవర్రాజుకి ఒళ్లు వెచ్చగా ఉంది, ముక్కు దిబ్బడేసింది. ముందు రోజే సెలవు చెప్పేశాడు. వారం రోజుల నుంచి మంచుకి బండి రోజూ అరగంట లేటే. ఇవాళ మాత్రం టైముకి వచ్చి చస్తుందా అనుకుని, స్టేషనుకి వెళ్లకుండా, గంట వినకుండా, దుప్పట్లోంచే రెండు రింగులూ ఇచ్చేశాడు. చిన్న బద్ధకం. అలాంటిది మీరూ నేనూ ఎన్నిసార్లు చెయ్యలేదు?

ఆ రోజు బండి సరిగ్గా టైముకి వచ్చింది.

హాల్టులో తొమ్మిది మందికి బండి తప్పిపోయింది. పదో మనిషికి తప్పలేదు.

ఆ పదో మనిషి గురునాథరావు. పోర్టులో గుమస్తా. నవ్వితే పొట్ట కూడా నవ్వేది. ఆవకాయంటే ప్రాణం. క్యారేజీ అడుగు గిన్నెలో ఆవకాయ ఉండాల్సిందే, మూత తీస్తే మూడో పెట్టంతా గుప్పుమనాల్సిందే. ఆయన ఇల్లు హాల్టుకి నలభై అడుగుల దూరం. రెండు రింగులు వినగానే వేసుకున్న చెప్పులు విప్పేసి, చద్దన్నం కంచం ముందు కూర్చున్నాడు. ఆవకాయ కలిపి రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో, బండి కూత. చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తాడు. అప్పటికే బండి కదిలింది. తలుపు పక్కనుండే నిలువు కడ్డీ పట్టుకున్నాడు. పట్టు చిక్కేదే. కానీ చేతికి అన్నం, నూనె...

జారిపోయింది.

గవర్రాజు ఆ ఇంటికి వెళ్లేసరికి ఆయన భార్య గౌరీశ్వరి గోడకి జారబడి కూర్చుని ఉంది.

"ఎంగిలి సేత్తో ఎల్లిపోనారన్నయ్యా," అంది. "ముద్ద మింగనేదు. సెయ్యి కడుక్కోనేదు."

ఆవిడ పక్కన ప్లాస్టిక్ కవర్లో గురునాథరావు ఫోను రెండు ముక్కలై ఉంది. గవర్రాజు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. బయటికి రాగానే బ్యాచిలో మోహన్ అడిగాడు.

"ఏటి బావ, రెండు రింగులిచ్చేవు?"

"బోర్డు మీద లేటనే రాసేరు బావ. నా కళ్లతో నాను సూసేను."

అబద్ధం అంత నున్నగా వచ్చినందుకు గవర్రాజుకే ఆశ్చర్యమేసింది. ఆ తరవాత ఎవరూ అడగలేదు. అడగకపోవడమే అతనికి ఎక్కువ బరువైంది.

పెద్దకర్మ అయిన మర్నాడు. తెల్లవారుజాము, అయిదూ యాభై. గవర్రాజు చెవులకి మఫ్లరు చుట్టుకుని స్టేషనుకి బయల్దేరుతున్నాడు. జేబులో ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది. తీసి చూశాడు. తెర మీద పేరు.

గురునాథం బావ.

అప్పుడే స్టేషన్లో గంట వినపడింది. బండి టైముకే.

తేరుకుని ఆ నంబరుకి తిరిగి చేశాడు. స్విచ్చాఫ్ అని ఒకావిడ గొంతు చెప్పింది. మర్నాడు రెండు రింగులు. బండి అరగంట లేటు, నిమిషం తేడా లేదు. మూడో రోజు ఫోన్లోంచి ఆ పేరు తీసేశాడు. నాలుగో రోజు అదే పేరు మళ్లీ వచ్చింది.

మామూలు మనిషైతే ఫోను తీసుకెళ్లి గెడ్డ నీళ్లలో పడేస్తాడు. గవర్రాజు ఏం చేశాడనుకున్నారు? అలవాటు పడిపోయాడు. నెల తిరిగేసరికి ముందుగా స్టేషనుకి వెళ్లి గంట కోసం నిలబడడం మానేశాడు. దుప్పట్లోనే పడుకుంటాడు, రింగు వస్తుంది, అదే రింగు మిగతా వాళ్లకి అందిస్తాడు. ఎండలు వెళ్లాయి, వానలు వెళ్లాయి. ఒక్క రోజు తప్పలేదు.

"ఇంజనుకి తాడేటైనా కట్టి ఇంట్లో పట్టుకున్నావేటి బావ?" అని మోహన్ వేళాకోళం చేసేవాడు. పెట్టంతా నవ్వేది. గవర్రాజూ నవ్వేవాడు, కిటికీ వైపు తిరిగి.

ఒక్కటే ఇబ్బంది. రింగు వచ్చాక ఫోను బటన్లు జిగటగా ఉండేవి. ఆవపిండీ నూనే కలిసిన వాసన. ఎన్నిసార్లు తువ్వాలుతో తుడిచినా మర్నాటికి మళ్లీ అంతే. ఒకసారి అయిదో అంకె పక్కన ఒక మెతుకు కనిపించింది. ఎండిన మెతుకు కాదు. తడిగా ఉంది.

"ఫోనుకి ఆవకాయ నూనేటి మావా?" అంది భార్య కాంతం. "మనింట్లో జాడీ దసరాకే ఖాళీ అయిపోనాది కదా."

గవర్రాజు ఫోను తువ్వాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు.

ఆ డిసెంబర్లో వాళ్ల ఒక్కగానొక్క కూతురు కుసుమకుమారికి పట్నంలో నర్సు పని దొరికింది. అదే బండి. ఇంటి వెనక గోడకి ఒక కంత ఉంది. అందులోంచి దూరి, రెండు పట్టాలూ దాటితే ప్లాట్‌ఫారం. దగ్గరదారి. తండ్రి ఫోను మోగాకే ఆ పిల్ల ఇంట్లోంచి కదిలేది. ఆ రింగుని నమ్ముకోవద్దని చెప్పాలని గవర్రాజుకి రోజూ అనిపించేది. ఎందుకు వద్దో చెప్పాలంటే మిగతాదంతా చెప్పాలి. అందుకని చెప్పలేదు.

మళ్లీ జనవరి వచ్చింది. ఇంకో నాలుగు రోజుల్లో గురునాథరావు సంవత్సరీకం, అందరూ భోజనానికి రావాలని గౌరీశ్వరి కబురు పెట్టింది. ఆ కబురొచ్చిన మర్నాడు పొద్దున్న మంచు ఎలా పట్టిందంటే, గుమ్మంలో నిలబడితే వాకిట్లో తులసి కోట కనపడలేదు. కరెంటు లేదు. కాంతం కిరసనాయిలు దీపం వెలిగించి, కూతురికి చద్దన్నం పెట్టడానికి కంచం తీసింది.

ఫోను మోగింది.

ఆగింది.

కుసుమ సంచీ భుజాన వేసుకుంది. ఫోను మళ్లీ మోగింది... ఆగింది.

"రెండు," అన్నాడు గవర్రాజు. "లేటమ్మా. కూకుని తిను." అలవాటుగా బటన్లు నొక్కుతూ ముగ్గురికీ రెండేసి రింగులు ఇచ్చేశాడు.

కుసుమ సంచీ దింపి కూర్చుంది. అన్నం కలుపుతోంది. ఎప్పుడూ ఫోను దగ్గరే ఉండే వాసన ఆ రోజు ఇల్లంతా కమ్ముకుంది. ముక్కుపుటాలు మండేంత ఘాటు. దీపం పొగ కూడా దాని ముందు ఆగలేదు.

ఎక్కడో... చాలా దగ్గర్లో... చప్పుడు.

ఎవరో ముద్ద నముల్తున్న చప్పుడు.

గవర్రాజు కూతురి వైపు చూశాడు. కలిపిన ముద్ద ఇంకా ఆ పిల్ల చేతిలోనే ఉంది. నోటి దాకా వెళ్లలేదు. కాంతం పొయ్యి దగ్గర, వీపు ఇటు పెట్టి. మరి ఎవరు...

చప్పుడు ఆగింది. మింగినట్టు కాదు. మింగకుండా ఆగినట్టు.

"గేటేసీసేర్రోయ్... బండొచ్చీస్తంది..."

వీధి చివర వీరన్న కేక.

"నాన్నా, లేటన్నావు కదేటి," అంటూనే కుసుమ లేచింది. చేరి నెల కాలేదు, ఆలస్యమైతే మాట పడాలి. ఎంగిలి చెయ్యి అలాగే ఉంది. ఎడం చేత్తో సంచీ లాక్కుని పెరటి వైపు పరిగెత్తింది.

"కుసుమా... ఆగు..."

గవర్రాజు ఫోను చేత్తో పట్టుకునే పరిగెత్తాడు. కంతలోంచి దూరాడు. మోచెయ్యి గీరుకుపోయింది. అవతల అంతా తెలుపు. ఏదీ కనపడదు. అరికాళ్ల కింద కంకర సన్నగా అదురుతోంది. ఎడమ వైపు మంచులో పసుపుపచ్చటి మరక ఒకటి. అది పెరుగుతోంది. పెరుగుతోంది... దాని ముందు సన్నటి నల్లటి నీడ. కూతురి జడ.

చెయ్యి చాపాడు. కుడి జబ్బ చిక్కింది. లాగాడు.

బండి వాళ్ల ముఖాల ముందు నుంచి వెళ్లింది. ఒక్కో పెట్టె గాలి ఒక్కో చెంపదెబ్బ. మూడో పెట్టె తలుపు దగ్గర నిలువు కడ్డీ తళుక్కుమంది. ఆఖరి పెట్టె ఎర్రదీపం మంచులో కరిగిపోయాక కూడా అతను ఆ పిల్లని వదల్లేదు.

తండ్రీ కూతురూ ఇంట్లోకి వచ్చారు. ఫోను మోగుతూనే ఉంది. మోహనూ, మిగతా వాళ్లూ. ఈసారి రూలు లేదు, తిట్టడానికే చేస్తున్నారు. గవర్రాజు ఎత్తలేదు. గూట్లో పెట్టేశాడు. కాసేపటికి అదీ ఆగింది.

"ఆ రోజు నాను స్టేషనుకి ఎల్లనేదు కాంతం," అన్నాడు.

"ఏ రోజు?"

"గురునాథం బావ పోయిన రోజు."

కాంతం చీపురు కింద పెట్టింది. "బోర్డు సూసేనన్నావు."

"సూడనేదు. దుప్పట్లోంచి ఇచ్చేను." ఆ తరవాతదంతా చెప్పాడు. రింగులు, పేరు, జిగట, మెతుకు. ఏదీ దాచలేదు.

కాంతం అతని ముఖం వైపే చూసింది. "ఏడాదయ్యింది మావా. ఏడాది నా పక్కనే పడుకున్నావు." అంతే అంది. లేచి వెళ్లి పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో మూడు కంచాలున్నాయి.

"లెగండి. సేతులు కడుక్కుని రండి. తిన్నాక ముగ్గురం ఎల్దాం గౌరీశ్వరి ఒదినింటికి. ఆయమ్మ ముందు నువ్వే సెప్పాల. కాలీ కడుపుతో సెప్పలేవు నువ్వు."

అందరికీ పెట్టి ఆఖర్న తినే కాంతం ఆ పూట వాళ్లతో పాటే కూర్చుంది. బయట మంచు విడుతోంది. కిటికీలోంచి కొంచెం ఎండ పడింది. ఏడాదిలో మొదటిసారి గవర్రాజు గుండె మీంచి ఏదో దిగినట్టయింది. అన్నం వైపు చెయ్యి చాపాడు.

"నాన్నా," అంది కుసుమ, ఎడం చెయ్యి ఊపుకుంటూ. "జబ్బ పట్టుకున్నావు, సరే. ఈ సెయ్యెందుకు అంతలా నులిపీసేవు? సబ్బెట్టి కడిగినా పోవటం నేదు."

గవర్రాజు చూశాడు.

కూతురి ఎడమ మణికట్టు చుట్టూ అయిదు వేళ్ల గుర్తులు. లావుపాటి వేళ్లు. ఎర్రటి నూనె మెరుస్తోంది. బొటనవేలి గుర్తులో ఒక మెతుకు అంటుకుని ఉంది, తడిగా.

పట్టాల దగ్గర అతని కుడి చేతిలో ఆ పిల్ల జబ్బ ఉంది. ఎడం చేతిలో ఫోను ఉంది.

పట్టాల వైపు లాగిన చెయ్యా అది? వెనక్కి ఆపిన చెయ్యా? అడిగితే ఎవరు చెప్తారు?

గూట్లో ఫోను మోగింది. ఆగింది. కాంతం చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

మళ్లీ మోగింది.

ఆగింది.

"తినండి," అన్నాడు గవర్రాజు మెల్లిగా. "టైముంది."

ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు. కంచాలు ఖాళీ అయ్యాయి, వేళ్ల మీద మెతుకులు ఎండిపోయాయి. అయినా చెయ్యి కడుక్కోడానికి ముందుగా ఎవరూ లేవలేదు.