దుమ్ముగూడెంలో తొమ్మిదో హోల్

రాందాస్ శవం గోదావరిలో తేలిందని చీఫ్ ఫోన్‌లో చెప్పినప్పుడు ఏజెంట్ అహ్మద్ పాషా చాయ్ తాగుతున్నాడు. కప్పు కింద పెట్టలేదు. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఏళ్ళ తరబడి పక్కనే పనిచేసిన మనిషి పోతే ఇంత మొద్దుబారిపోయానేమిటని కాస్త సిగ్గు మాత్రం వేసింది.

"రాందాస్ బదులు ఇప్పుడు నువ్వెళ్ళాలి," అన్నాడు చీఫ్. "దుమ్ముగూడెం. తెల్లదొరల కాలంలో కాలువ ఇంజినీర్లు గోదారి ఒడ్డున గోల్ఫ్ కోర్సు వేసుకున్నారు. తర్వాత అడవి మింగేసింది. పోయినేడు, ఎనభై ఏడులో, బాగుచేసి రిసార్ట్ తెరిచారు. తెరిచిన వెల్డన్ విదేశీ ముఠా మనిషి. ఆదివారం మన రాకెట్ సైంటిస్ట్ డాక్టర్ చెంచురామయ్య అక్కడ ఆడుతున్నాడు. ఆట ముగిసేలోగా ఆయన్ని బాంబుతో లేపేస్తారు."

"డాక్టర్‌కు చెప్తే?"

"రాడు. ఆయన రాకపోతే వెల్డన్ అడవి దాటి మాయం. నాకిద్దరూ కావాలి. ఒకరు ప్రాణాలతో, ఒకరు బేడీలతో."

ఆదివారం పొద్దున ఖమ్మం మిర్చి వ్యాపారి వేషంలో, చేతినిండా ఉంగరాలతో పాషా దిగాడు. బంతిని గుంతలోకి నెట్టే కర్ర, అతని పట్టర్, మన ల్యాబ్‌లో తయారైంది. దగ్గర్లో బాంబుంటే పిడి వణుకుతుంది.

వరండాలో ప్రమీలారాణి ఎదురైంది. నల్లకళ్ళద్దాలు, నెమలికంఠం రంగు షిఫాన్ చీర. వెల్డన్ సెక్రటరీగా ముఠాలో దూరిన మన డబుల్ ఏజెంట్.

"ఈసారి మిర్చి ఘాటెట్లుంది సేఠ్?"

"ఘాటు లేదు. రంగే ఉంది."

కోడ్ సరిపోయింది. "వెల్డన్ బాంబు ఎక్కడ పెట్టిండో నాకు చెప్పలే," ఆమె గొంతు తగ్గించింది. "రాందాస్ సంగతి..."

"నువ్వే పట్టిచ్చినవ్. తెలుసు."

"వెల్డన్‌కు నా మీద అనుమానమొచ్చింది. ఎవరో ఒకరిని చూపకుంటే నన్నే చంపేటోడు."

కనీసం ద్వేషమైనా పుడుతుందేమోనని పాషా ఎదురుచూశాడు. పుట్టలేదు. బంతులు తీసుకుని నడిచాడు.

డాక్టర్‌కూ పాషాకూ మధ్య ఆట నువ్వా నేనా అన్నట్టు సాగింది. డాక్టర్ చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నాడు. ఆ ఎండలకు పచ్చిక నిలవదని దొరలు గుంతల చుట్టూ నూనె కలిపిన ఇసుక పరిచేవాళ్ళట. ఇప్పుడూ అలాగే పరిచారు. తవ్వి మళ్ళీ చదును చేస్తే ఎవరికీ తెలియదు.

చివరిదైన తొమ్మిదో గుంతకు డాక్టర్ బంతి రెండు మూరల దూరంలో ఆగింది. అది పడితే గెలుపు ఆయనదే. ఆట చూస్తూ వెంట నడుస్తున్న వెల్డన్, గుంతలో గుర్తుకు పెట్టిన జెండా తీసి పట్టుకోమని ప్రమీలను పక్కనే నిలబెట్టాడు. తను సిగరెట్ ముట్టించుకుంటూ ఇప్పచెట్ల దాకా జరిగాడు.

పాషా చేతిలో పిడి వణికింది.

బాంబు గుంతలోనే ఉంది. బంతి పడితే పేలుతుంది. డాక్టర్‌తోపాటు ప్రమీలా పోతుంది. వెల్డన్ ఆమెనూ వదల్లేదన్నమాట. అరుద్దామంటే వాడి జేబులో పిస్తోలుంది. గడ్డి కోసే కూలీల వేషంలో చీఫ్ పంపిన కమాండోలు ఇంకా వాడి దగ్గరికి చేరలేదు.

గోల్ఫ్‌లో ఒక మర్యాద ఉంది. ఎదుటివాడి బంతి ఎలాగూ పడేదే అనుకుంటే, కొట్టకుండానే పడినట్టు ఒప్పేసుకోవచ్చు.

"ఒప్పుకున్న డాక్టర్ సాబ్. మీరే గెలిచిన్రు. బంతి తీసెయ్యిండ్రి."

"భలేవాడివయ్యా! అది గుంతలో పడే చప్పుడు వినకపోతే గెలిచినట్టేంటి?" అంటూ డాక్టర్ కొట్టేశాడు.

బంతి దొర్లింది. పాషా బోర్లా దూకి గుంత మీద అరచెయ్యి కప్పాడు. బంతి వేళ్ళ కణుపులకు తగిలి ఆగింది. వెల్డన్ చెయ్యి జేబులోకి పోతుండగానే ముగ్గురు కూలీలు వాడిమీద పడ్డారు.

బాంబు బయటికి తీశాక, జెండా కర్ర ఇంకా పట్టుకునే ఉన్న ప్రమీల అడిగింది. "నేను చేసింది తెలిసి కూడా నన్నెందుకు కాపాడినవ్?"

పాషా నిజంగానే ఆలోచించాడు. "నువ్వక్కడున్న సంగతి యాదికి రాలే," అన్నాడు. ఆమె జెండా వదిలేసి చేతులు ముందుకు చాచింది. అతను బేడీలు వేశాడు.

డాక్టర్ చెంచురామయ్య ఇసుకలో చతికిలబడ్డాడు. చెమట తుడుచుకున్నాడు.

"సేఠ్, నీ ప్రాణం అడ్డమేశావు, ఒప్పుకుంటాను. కానీ కదిలే బంతికి చెయ్యి అడ్డంపెట్టడం ఫౌల్."