కుడికాలి బూటు

వంతెన తెరిచాక ఆ వీధిలో అందరికన్నా బాగుపడింది బూట్ల షాపే. బాగుపడటం అనకూడదేమో గానీ, చేతినిండా పని మాత్రం ఉండేది. పక్కపక్కనే ఉన్న రెండు దేశాలు ఏళ్ళ తరబడి కొట్టుకుని కొట్టుకుని, ఇద్దరికీ ఊపిరి అయిపోయాక ఆపేశాయి. యుద్ధం ఆగిందని పేపర్లో వేశారు, వంతెన మీద ముళ్ళకంచె తీసేశారు. నేలలో పాతిన మందుపాతరలకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అవి తమ పని తాము చేసుకుపోతూనే ఉన్నాయి.

అందుకే షాపుకి వచ్చేవాళ్ళలో సగం మంది ఒంటికాలి మనుషులు. ఒంటికాలికి జత ఎందుకు? ఒకే కొలత ఉన్న ఇద్దరిని, ఎడమకాలు పోయినవాణ్ణీ కుడికాలు పోయినవాణ్ణీ కలిపి, ఒక జత కుట్టి చెరొకటి ఇచ్చేది షాపు నడిపే బూట్లక్క. జోడు ఇవతలే దొరకాలని ఏముంది, చాలాసార్లు అవతలి దేశంవాడే దొరికేవాడు. ఒకప్పుడు ఒకరి మీద ఒకరు తుపాకులు ఎక్కుపెట్టిన మనుషులు ఆమె బల్ల ముందు కూర్చుని, నల్లతోలా గోధుమరంగు తోలా అని తగువులాడుకునేవారు.

"ఏ రంగైతే ఏంటయ్యా, తొక్కేది బురదేగా!" అనేవాడు ఒకడు.

"నీకు పెళ్ళయిపోయింది కాబట్టి అలాగే అంటావు. నాకింకా కావాలి" అనేవాడు రెండోవాడు.

ఇలాంటివాళ్ళకి వీధిలో జోడు బావలని పేరు పడిపోయింది.

జోడు దొరక్క మిగిలిపోయిన బూట్లు వెనకగోడ అల్మరాలో ఉండేవి. అన్నీ బోర్లించి, అడుగుభాగం పైకి. అది ఆమె నాన్న పెట్టిన పద్ధతి. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన సూదీ దారం కూతురికి అప్పగించి షాపు వెనక గదిలో మంచమెక్కాడు గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం రోజూ గుమ్మం దాకా వచ్చి చూసిపోయేవాడు. దుమ్ము పడకుండా కాబోలు అనుకునేది బూట్లక్క. ముసలాయన చాదస్తం అని కూడా అనుకునేది. ఎందుకని ఏనాడూ అడగలేదు.

ఆమె భర్త బస్సు డ్రైవరు. అతన్ని చూడకముందే అతని పాదాలు చూసింది ఆమె. పెళ్ళికి ముందు బూట్ల కోసం వచ్చి స్టూలు మీద కూర్చుంటే, తల వంచుకుని కొలత తీసింది. కుడిపాదంలో రెండో వేలు బొటనవేలి మీదకి ఎక్కి ఉంది. చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కుందట. "ఈ వేలికి బూటులో విడిగా ఒక గది కట్టాలి" అంది నవ్వాపుకుంటూ. అతనూ నవ్వాడు. అలా కుదిరింది ఆ సంబంధం.

యుద్ధం జరిగినన్నాళ్ళూ బస్సు నడిపి ఒంటి మీద గీత కూడా పడనివాడు, యుద్ధం ఆగిన రెండో వేసవిలో నీళ్ళకోసం వెళ్ళి కుడికాలు పోగొట్టుకున్నాడు. వాగు అవతల రోడ్డు మీద ఇంజను వేడెక్కితే, డబ్బా పట్టుకుని గట్టు దిగాడు. "అడుగు వేసినప్పుడు ఏమీ కాలేదే. కాలి కింద ఏదో గుండ్రంగా తగిలింది. ఏంటా అని కాలు ఎత్తాను..." అని చెప్పేవాడు. ఎప్పుడు చెప్పినా అక్కడే ఆగేవాడు.

పుండు మానింది. నొప్పి మానలేదు. అదీ ఉన్న కాలిలో కాదు, లేని పాదంలో. అలా ఉంటుందని చెప్పి డాక్టరు మందు రాసిచ్చాడు. మందు నొప్పి దాకా చేరేది కాదు. "మట్టిలో కూరుకుపోయి ఉందే నా పాదం. చలేస్తోంది. పైనుంచి ఎవరో తొక్కుతున్నారు" అని పళ్ళు కొరుక్కుంటూ గోడకి తల కొట్టుకునేవాడు. దుప్పటి కింద ఏమీ లేని చోట ఆమె చేత్తో రుద్దుతూ కూర్చునేది. ఒకరోజు తోలు కోసే కత్తి అతని దిండు కింద దొరికింది. ఆమె దాన్ని తీసి బల్ల మీద పెట్టింది. ఆనాటి నుంచి ఆమెకి కంటి మీద కునుకు లేదు. ఎక్కడికి వెళ్ళినా గుండె ఇంట్లోనే ఉండేది.

అప్పుడు కుట్టింది ఆ జత. మెత్తటి నల్లతోలు. ఎడమది అతనికి తొడిగింది. కుడిదాని కోసం అవతలి దేశపు పోస్టుమ్యాన్ ఒకాయన ఎప్పటినుంచో అడుగుతున్నాడు, కొలత కూడా సరిపోతుంది. కానీ ఆమెకి మనసొప్పలేదు. వంకరవేలికి గది కట్టి మరీ కుట్టిన బూటు అది. అందులో ఇంకొకడు కాలు పెట్టడమా? పోనీ అల్మరాలో బోర్లా పడేద్దామంటే చేతులు రాలేదు. లోపల ఉన్ని మేజోడు కూరి, లేసు బిగించి, వీధివైపు అద్దాల అరలో తిన్నగా నిలబెట్టింది.

"ఇదిగో, మీ పాదానికి మేజోడు వేసి బూటు తొడిగాను. ఇంక చలెయ్యదు, పడుకోండి" అంది, చిన్నపిల్లాణ్ణి బుజ్జగించినట్టు.

అతను నవ్వాడు. కాలు పోయాక అదే మొదటి నవ్వు. ఆ రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు.

తెల్లారి బూటు అడుగు తడిగా ఉంది.

అద్దం సందులోంచి మంచు పడి ఉంటుందిలే అని తుడిచింది. అతను మాత్రం గడ్డం గీసుకుంటూ హుషారుగా చెప్పాడు. "రాత్రంతా నడిచినట్టుందే! గడ్డి మీద. తడిగడ్డి." మర్నాడు వాగు దాటానన్నాడు. ఆ మర్నాడు రోడ్డెక్కానన్నాడు. బస్సు ఏ స్టాపు దాటిందో చెప్పినట్టు చెప్పేవాడు. ఆ ఉదయాల్లో బూటు అడుగున పచ్చటి జిగురుమట్టి అంటుకుని ఉండేది. ఆ మట్టి వీధిలో ఎక్కడా లేదు. వాగు అవతలి గట్టున తప్ప ఇంకెక్కడా లేదు.

కానీ అతను కడుపునిండా తింటున్నాడు, జోడు బావలతో జోకులేస్తున్నాడు. దిండు కింద కత్తి లేదు. బూటు నడిస్తే నడవనీ, మనిషి బతికుంటే చాలు అనుకుని, గుడ్డ తీసుకుని మట్టి తుడిచేసింది.

తర్వాత అడుగులు కనబడ్డాయి.

షాపు గచ్చు మీద, మూసిన తలుపు దగ్గర మొదలై అద్దాల అర దాకా. అన్నీ కుడివే. ఎడమ అడుగు పడాల్సిన చోటల్లా ఖాళీ. మరో రెండు రోజులకి అవి అద్దాల అర దగ్గర ఆగలేదు. బల్ల పక్కనుంచి, అల్మరా ముందునుంచి, వెనకగది గుమ్మం దాకా వెళ్ళాయి. అక్కడ ఒక అడుగు ముద్ర మిగతావాటికన్నా దట్టంగా ఉంది. బూటు మొన తలుపు వైపు. చాలాసేపు నిలబడినట్టు.

ఆమె తడిగుడ్డతో వంగేసరికి తలుపు తెరుచుకుంది. నాన్న గచ్చు వైపు చూశాడు. తర్వాత అద్దాల అర వైపు చూశాడు.

"ఎవరిదమ్మా ఆ బూటు?"

"ఆయనదే నాన్నా."

"బోర్లించు. ముందు బోర్లించు."

ఆయన కంగారు చూసి ఆమె మారుమాట్లాడకుండా వెళ్ళి బూటు తిప్పింది. అడుగు పైకి రావడం, షాపు పక్కనున్న ముందుగదిలో భర్త కెవ్వున అరవడం ఒక్కసారే జరిగాయి. "తొక్కుతున్నారే! మళ్ళీ మట్టిలో..." ఆ కేక వినలేక ఆమె బూటు మళ్ళీ నిలబెట్టేసింది. కేక ఆగిపోయింది.

నాన్న గుమ్మానికి జారగిలబడి కూర్చుండిపోయాడు. గచ్చుతో చెబుతున్నట్టు చెప్పాడు.

"వాగు గట్టంతా పాతింది మేమేనమ్మా. ఊళ్ళో మగాళ్ళని తీసుకెళ్ళి పాతించారు. అవతలివాళ్ళు దాటి రాకుండా అన్నారు. పాతాను. యుద్ధం ఆగాక తియ్యడానికొచ్చిన వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి అడిగారు, ఎక్కడున్నాయో చెప్పమని. నాకేం తెలియదన్నాను."

"ఎందుకు నాన్నా?"

"అప్పటికే నలుగురు పోయారక్కడ. చెబితే నేనే చంపానంటారని భయం." ఆయన అల్మరా వైపు చూపించాడు. "తర్వాత ఒకసారి ఒక మిగులు బూటుకి ఆ మట్టి చూశాను. అప్పట్నుంచే బోర్లించడం, అవి నడవకుండా."

ఆమెకి ఏడవాలో అరవాలో తెలియలేదు. తన మొగుడి కాలు తీసింది తన తండ్రి చేతులు. చిన్నప్పుడు తనకి సూది పట్టుకోవడం నేర్పిన చేతులు. ఆయన మీద అసహ్యం వేసింది, జాలి వేసింది.

"అల్లుడి కేక విన్నాను. నిలబెట్టే ఉంచమ్మా" అన్నాడు నాన్న, లేస్తూ. "వస్తే రానీ."

ముందుగదిలోకి వెళ్ళేసరికి భర్త గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఇల్లంతా పలచటి గోడలే.

"ఏం చెప్పాడు మీ నాన్న?"

"ఏం లేదండీ."

అతను ఆమె మొహంలోకి చూస్తూ తలాడించాడు. ఆ రోజంతా ఒక్క జోకూ వెయ్యలేదు.

సాయంత్రం వాన పట్టుకుంది. వీధి దీపాలు వెలిగే వేళకి కరెంటు పోయింది. ఆమె దీపం వెలిగించి, షట్టరు దించడానికి అద్దాల అర దగ్గరికి వెళ్ళింది.

బూటు లేదు.

ఉన్ని మేజోడు మాత్రం అక్కడ పడుంది. తడి లేదు... మట్టి లేదు... చేత్తో ముట్టుకుంటే వెచ్చగా ఉంది, ఇప్పుడే ఎవరో విప్పి పడేసినట్టు. వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. షాపంతా వాగు మట్టి వాసన.

"అమ్మాయ్..." వెనకగదిలోంచి.

దీపం పట్టుకుని పరిగెత్తింది. నాన్న వెల్లకిలా పడుకుని, దుప్పటి మెడదాకా కప్పుకుని, కప్పుకేసి చూస్తున్నాడు.

"ఏమైంది నాన్నా?"

"నా కాలు... నీళ్ళల్లో ఉందమ్మా."

"మంచం మీదే ఉన్నావుగా."

"కుడికాలు. వాగులో ఉంది. చల్లగా..."

దీపం కింద పెట్టి, దుప్పటి అంచు కిందనుంచి చేతులు పోనిచ్చింది. ఎడమపాదం తగిలింది. పగుళ్ళు తేలిన మడమ, ఎండిపోయిన చర్మం, నాన్నదే. కుడివైపు తడిమింది.

చర్మం నున్నగా ఉంది. వెచ్చగా ఉంది. వయసులో ఉన్న మనిషి పాదం. వేళ్ళ దాకా వెళ్ళిన ఆమె చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది. రెండో వేలు... బొటనవేలి మీదకి ఎక్కి ఉంది.

ముందుగదిలోంచి భర్త పిలిచాడు. మెల్లగా, నిద్రలో ఉన్నట్టు.

"ఏమే... నా పాదం పట్టుకుంది నువ్వేనా?"

ఆమె వదలబోయింది. చేతులు రాలేదు.

"గట్టెక్కింది" గొణుగుతున్నాడు నాన్న. కళ్ళు కప్పు మీదనుంచి కదలడం లేదు. "ఆ చోటు నాకు తెలుసు... అటు కాదు... కుడికి కాదు... ఆగు, ఆగు..."

ఊపిరి బిగపట్టాడు.

"ఆగింది."

"నాన్నా..."

"కదలకమ్మా. నా కాలి కింద... ఏదో గుండ్రంగా ఉంది."

ఆమె రెండు చేతులతో ఆ పాదాన్ని మంచానికేసి అదిమిపట్టింది. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి అదిమింది. నాన్న కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. బయట వాన ఒక్కసారిగా ఆగిపోయింది.

"ఇంక వదలవే" అన్నాడు భర్త, పలచటి గోడ అవతలనుంచి. "ఎంతసేపని బ్రేకు మీదే ఉంచను? కాలు తీస్తున్నా."

ఆమె అరచేతుల కింద మడమ మెల్లగా పైకి లేవసాగింది.