మొదటి మచ్చ

పదిహేడో ఫోటోలో కూడా మచ్చ లేదు.

పరాంకుశం కెమెరా బల్ల మీద పెట్టి, కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు. ఎదురుగా స్టూలు మీద ఆయన భార్య వకుళ కూర్చుని ఉంది. ఆమె మెడ కింద ఎడమపక్కన చింతగింజంత నల్లమచ్చ. కంటికి బాగానే కనిపిస్తోంది. కెమెరా తెర మీద మాత్రం అక్కడ నున్నటి చర్మం తప్ప ఏమీ లేదు.

"ఇంకెంతసేపండీ? నడుం పీకేస్తోంది," అంది వకుళ.

"సెట్టింగుల్లో ఇంకోటేదో ఉంది. అది కూడా ఆపి చూస్తాను."

"పొద్దుట్నించీ ఇదే మాట."

ఇది 2051 నాటి కాకినాడ. అప్పటి సంగతి కాస్త చెప్పకపోతే ఈ అవస్థ మీకు అర్థం కాదు. అప్పటికి ఫోన్ కొన్నా కెమెరా కొన్నా లోపల ఉండేది ఒకటే చిప్. అందులో 'నిగారింపు' అనే సాఫ్ట్‌వేర్. లెన్సులోంచి వచ్చిన వెలుతురు ఫోటోగా మారేలోపే అది మొటిమలు, మచ్చలు, ముడతలు అన్నీ తుడిచిపారేస్తుంది. తుడవని ఫోటో అంటూ ఎక్కడా మిగలదు. జనానికి తెగ నచ్చింది. నచ్చదూ మరి, అరవై ఏళ్లవాళ్లు కూడా పెళ్లిచూపులకి కూర్చున్నట్టు కనిపిస్తుంటే.

గొడవల్లా ఆస్పత్రితోనే వచ్చింది. ఏడాదిగా డాక్టరును చూడాలంటే ముందు ఆస్పత్రి యంత్రానికి ఫోటో పంపాలి. అది ఊ అంటేనే చీటీ వస్తుంది. ఆ ఫోటో మీద చిప్ ముద్ర ఉండి తీరాలి. పరాంకుశం దగ్గర అటక మీద పాత డిజిటల్ కెమెరాలు పదకొండు ఉన్నాయి, ఆయనకదో పిచ్చి. వారం రోజులు వాటితో కుస్తీ పట్టాడు. ఒకదాని బ్యాటరీ ఉబ్బిపోయింది. ఇంకోదాని కేబుల్ ఈ భూమ్మీద దొరకదు. చివరికి ఒకటి మచ్చతో సహా చక్కగా ఫోటో తీసింది. ముద్ర లేదని యంత్రం దాన్ని తిప్పికొట్టింది.

మచ్చ మూడు నెలల్లో రెట్టింపయింది. అంచు వంకరపోయింది. క్యాన్సరేమోనని ఇద్దరికీ భయమే, ఆ మాట మాత్రం ఒకరితో ఒకరు అనలేదు. ఫోటో పంపిన నాలుగుసార్లూ యంత్రం ఒకటే జవాబిచ్చింది: "మీ చర్మం ఆరోగ్యంగా ఉంది. అభినందనలు." హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, అక్కడా ఓ యంత్రమే ఎత్తి అభినందించింది.

అసలు సంగతి ఇంకోటుంది. ఈ నిగారింపు రాసినవాడు పరాంకుశమే. ఇరవై ఆరేళ్ల కిందట రాసి ఓ కంపెనీకి ఇచ్చేశాడు. అప్పట్లో తన కోసం ఓ దొడ్డిదారి పెట్టుకున్నాడు. దాని పాస్‌వర్డ్ ఏమిటో ఇన్నాళ్లుగా గుర్తురాలేదు. ఆ మధ్యాహ్నం పెరుగన్నం కలుపుకుంటూ ఉండగా గుర్తొచ్చింది. చెయ్యి కడుక్కుని వచ్చి కొట్టాడు. తలుపు తెరుచుకుంది. తుడిచే పని ఆపేశాడు.

సరిగ్గా అప్పుడే పక్క వాటాలో ఉండే కనకవల్లి ఆరు నెలల పాపని చంకనేసుకుని వచ్చింది.

"బాబాయిగారూ, పాప బుగ్గ మీద దిష్టిచుక్క ఎంత పెద్దది పెట్టినా ఫోటోలో పడట్లేదండీ. చుక్క లేని ఫోటో ఊరంతా చూస్తే పిల్లకి దిష్టి కొట్టదా అని మా అత్తగారు ఒకటే నస."

పరాంకుశం ఇద్దరికీ కలిపి ఫోటో తీశాడు. పాప బుగ్గ మీద కాటుక చుక్క పడింది. కనకవల్లి గడ్డం మీద పుట్టుమచ్చ కూడా పడింది. "హమ్మయ్య" అని కెమెరా వకుళ వైపు తిప్పాడు.

వకుళ మచ్చ పడలేదు.

ఆయన లోపలి ప్రోగ్రాం తెరిచి ఒక్కో వరసా చదవడం మొదలుపెట్టాడు. నాలుగు వేల వరసలు దాటాక, తను రాసుకున్న మాటలే కనిపించాయి: 'ఈ ఆకారం కనిపిస్తే ఏమీ అడక్కుండా తుడిచెయ్యి. రేపు డెమో. తర్వాత ఈ ముక్క తీసెయ్యాలి.'

తీసెయ్యలేదు. ప్రోగ్రాములు రాసేవాళ్లందరికీ ఉన్న రోగమే ఇది. పనైపోయాక ఎవరు చూడొచ్చారు?

"వకుళా," అన్నాడు మెల్లగా. "మన పెళ్లి ఫోటోలో ఈ మచ్చ కనపడకుండా చెయ్యగలరా అని అడిగావు, గుర్తుందా? దానికోసమే ఇదంతా మొదలెట్టాను. అందరి మచ్చలూ పోయేవి, నీది పోయేది కాదు. డెమో ముందురోజు విసిగిపోయి నీ మచ్చ ఆకారం చేత్తో రాసిపెట్టాను, కాస్త పెరిగినా వంకరపోయినా వదలకుండా."

"ఇప్పుడు కొట్టెయ్యండి."

"మిగతా తుడుపు ఆపడానికి మీట పెట్టాను, దీనికి పెట్టలేదు. ప్రోగ్రామంతా చిప్‌లో ముద్రించేశారు. చూడగలను, మార్చలేను."

వకుళ పాప బుగ్గ మీది చుక్క కేసి చూసింది. "అయితే దానికి తెలిసింది నా మచ్చ ఆకారం ఒక్కటే కదా," అని కనకవల్లిని కాటుక భరిణె అడిగింది. అద్దంలో చూసుకుంటూ మచ్చ చుట్టూ వేలితో కాటుక దిద్ది గుండ్రంగా చేసింది.

ఈసారి తీసిన ఫోటోలో మచ్చ పడింది. ఆస్పత్రి యంత్రం క్షణంలో జవాబిచ్చింది: "వెంటనే రండి."

డాక్టర్ షకీలా దూదితో కాటుక తుడిచింది.

"ఇదేంటమ్మా, యంత్రానికే టోపీ పెట్టారా?"

"ఉన్నది ఉన్నట్టు పంపితే అభినందనలు చెప్పిందండీ," అంది వకుళ.

డాక్టరు భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. "రేపే తీసేద్దాం. టైముకే వచ్చారు, భయం లేదు," అంది. చేతులు కడుక్కుంటూ, "ఏడాదిగా నా దగ్గరికి ఒక్క మచ్చ కేసు రాలేదు. ఈ జిల్లాలో ఆ జబ్బే పోయిందని మాకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. అదిగో, గోడ మీద," అంది.

పరాంకుశం ఆ పత్రం కేసి చూశాడు. ఇంకా చూస్తూనే ఉంటే వకుళ ఆయన మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. మెట్ల దగ్గర ఆగింది. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"నేను ఒక్క ఫోటోలోంచి తీయమన్నానండీ."